ఫార్మాట్ చేసిన ల్యాప్‌టాప్‌లో నాన్న రాతలు ఇంకా ఉన్నాయా?

ప్రశ్న

పల్నాడు వైపు ఒక చిన్న పట్నం నుంచి ఓ పాఠకురాలు రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఉత్తరం పొడవుగా ఉంది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

వాళ్ల నాన్నగారు హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. 2017లో 1 టీబీ హార్డ్ డిస్కు ఉన్న ల్యాప్‌టాప్ కొనుక్కుని, అను ఫాంట్లతో వర్డ్‌లో తన జ్ఞాపకాలు, ఊరి సంగతులు, చుట్టుపక్కల గుళ్ల కథలు, తన దగ్గర చదువుకున్న పిల్లల కబుర్లు టైప్ చేసుకుంటూ ఉండేవారు. కిందటేడు పోయారు. సంవత్సరీకం నాటికి అవన్నీ చిన్న పుస్తకంగా వేసి బంధువులకూ పాత విద్యార్థులకూ పంచాలని తల్లి కోరిక. ల్యాప్‌టాప్ మరీ నెమ్మదించిందని తమ్ముడు దాన్ని బస్టాండు దగ్గరి షాపులో ఇచ్చాడు. ‘డేటా ఏమైనా ఉందా అన్నా?’ అని షాపతను అడిగితే, ‘ఉన్నదంతా డీ డ్రైవ్‌లో ఉంది, దాన్ని ముట్టుకోవద్దు, సీ ఫార్మాట్ చేసెయ్’ అన్నాడట. మర్నాటికి విండోస్ మళ్లీ వేసి ఇచ్చారు. స్పీడు బాగా పెరిగింది. నాన్నగారి రాతలు, ఫొటోలు మాత్రం లేవు. అవి డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్‌లో ఉండేవి.

తమ్ముడు కంగారుపడి నెట్‌లో దొరికిన ఒక రికవరీ సాఫ్ట్‌వేర్ వేసి రాత్రంతా నడిపాడు. దొరికిన ఫైళ్లను, కొత్తగా కనిపిస్తున్న ‘ఎఫ్’ డ్రైవ్ ఖాళీగా ఉంది కదా అని అందులో దాచాడు. వందల ఫైళ్లొచ్చాయి. కొన్ని అసలు తెరుచుకోవు. తెరుచుకున్న వాటిలో తెలుగు లేదు, ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా ఉన్నాయి. ‘అన్నీ పాడైపోయాయి’ అని తేల్చేశాడు. షాపుకెళ్లి నిలదీస్తే, ‘మీరు చెప్పిందే చేశాను మేడమ్, ల్యాప్‌టాప్ వదిలెళ్తే రికవరీ చేస్తాను, ఖర్చవుతుంది’ అన్నాడు షాపతను. అక్కాతమ్ముళ్ల మధ్య మాటల్లేవు. తల్లికి ఇంకా చెప్పలేదు. ఆమె అడిగినప్పుడల్లా ‘టైపింగ్ తప్పులు దిద్దుతున్నాం’ అని తప్పించుకుంటున్నారు.

ఫైళ్లు వస్తాయా, షాపు మీద ఫిర్యాదు చేయొచ్చా, అమ్మకు ఎలా చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు. బిల్లు ఫొటో కూడా జతచేశారు. అందులో 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, క్యాడీ, ఓఎస్ ఇన్‌స్టలేషన్ అని ఉంది. ‘క్యాడీ అంటే ఏమిటో మాకు తెలియదు. డీవీడీ డ్రైవ్ మాత్రం తీసేశారు’ అని చివర్లో ఒక మాట రాశారు.

సమాధానం

మీ ఉత్తరం మొత్తంలో ఎక్కువ పనికొచ్చింది, తెలియదంటూ మీరు చివర్లో రాసిన ఆ క్యాడీ. ల్యాప్‌టాప్‌లో డీవీడీ డ్రైవ్ తీసేసి, ఆ ఖాళీలో హార్డ్ డిస్కు అమర్చడానికి వాడే చిన్న చట్రం అది. పాత ల్యాప్‌టాప్ స్పీడు పెంచమంటే షాపుల్లో తరచూ చేసేదే ఇది. పాత హార్డ్ డిస్కు ఉన్నచోట కొత్త ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్కు కన్నా చాలా వేగంగా పనిచేసే డ్రైవ్) బిగించి విండోస్ అందులో వేస్తారు. పాత డిస్కును క్యాడీలో పెట్టి డీవీడీ డ్రైవ్ ఉండే చోటికి తోస్తారు. బిల్లును బట్టి చూస్తే నాన్నగారి డిస్కు మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. మీకిప్పుడు సీ అని కనిపిస్తున్నది కొత్త ఎస్‌ఎస్‌డీ. కొత్తగా వచ్చిందనుకుంటున్న ఎఫ్, నాన్నగారి పాత సీ డ్రైవ్ అయ్యుండాలి. షాపతను దాన్ని ఫార్మాట్ చేశాడు, విండోస్ దానికి వేరే అక్షరం ఇచ్చింది, అంతే.

ఇది బిల్లు చూసి నేను కట్టిన లెక్క. ఒక్కసారి సరిచూసుకోండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే డిస్క్ 0, డిస్క్ 1 అని రెండు వరసలు కనిపించాలి. ఒకటి 238 జీబీ దగ్గర, ఇంకొకటి 931 జీబీ దగ్గర ఉంటుంది. 256 జీబీనీ, 1 టీబీనీ విండోస్ అలాగే చూపిస్తుంది. డీ, ఎఫ్ రెండూ ఆ 931 వరసలోనే ఉంటే నా లెక్క సరైనదే. అక్కడ ఫార్మాట్ చేయమనో, ఇనిషియలైజ్ చేయమనో విండోస్ అడిగితే ఒప్పుకోకండి. ఆ తెర ఫోన్‌తో ఫొటో తీసుకోండి, కింద చెప్పినవి చూసుకున్నాక ల్యాప్‌టాప్ ఆపేయండి.

లెక్క సరైనదైతే మీకు మంచి కబురే. విండోస్ మళ్లీ వేయించుకున్నవాళ్లు మామూలుగా నష్టపోయేది ఫార్మాట్ వల్ల కన్నా, దాని తర్వాత అదే జాగాలో వచ్చి పడే కొత్త విండోస్ వల్ల. 20 జీబీ దాకా కొత్త ఫైళ్లు పాతవాటి మీద కూర్చుంటాయి, ఆ తర్వాత అప్‌డేట్లు, ఆఫీస్, బ్రౌజర్. మీ విషయంలో అదంతా ఎస్‌ఎస్‌డీ మీదికి పోయింది.

నాన్నగారు టీచరు కాబట్టి బడి సంగతితోనే చెప్తాను. క్విక్ ఫార్మాట్ చేస్తే పోయేది హాజరు పట్టీ. పట్టీ పోయినంత మాత్రాన పిల్లలు బెంచీల మీంచి లేచిపోరు, ఎవరి చోట వాళ్లు కూర్చునే ఉంటారు. కానీ కొత్త పట్టీలో తరగతి ఖాళీ అని రాసి ఉంటుంది. అందుకని ఎవరినైనా కొత్తగా చేర్చుకోమంటే విండోస్ వాళ్లను తీసుకెళ్లి పాతవాళ్ల చోట్లో కూర్చోబెట్టేస్తుంది. అలా ఒకసారి చోటు పోయిన పాత ఫైలు ఇక రాదు.

ఫుల్ ఫార్మాట్ అయితే వేరు. విండోస్ విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ చేస్తే విండోస్ ఆ డ్రైవ్ మొత్తం సున్నాలతో నింపేస్తుంది, దాని తర్వాత వెతకడానికి ఏమీ ఉండదు. మీ షాపతను అది చేయలేదని నేను ధైర్యంగా అనగలను. ఫార్మాట్ అయ్యాక ఆ డ్రైవ్‌లోంచే మీ తమ్ముడికి వందల ఫైళ్లు దొరికాయంటే అది క్విక్ ఫార్మాటే. అతను ఆ రాత్రి చేసిన పని వల్ల మనకు తెలిసిన మంచి సంగతి ఇది.

చెడ్డ సంగతి కూడా ఆ రాత్రిదే. దొరికిన ఫైళ్లను దాచడానికి ఎఫ్‌ను ఎంచుకున్నాడు. వెతుకుతున్న డ్రైవ్‌లోనే దాచుకుంటూ పోతే, వచ్చిన ప్రతి ఫైలూ ఇంకా రావాల్సిన ఏదో ఒకదాని మీద పడి ఉండొచ్చు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విండోస్ ఫైల్ రికవరీ అయితే ఇలా అదే డ్రైవ్‌లో దాచనివ్వదు కూడా. అయితే నష్టం ఎంతన్నది ఊహించుకుని భయపడక్కర్లేదు, చూడొచ్చు. ఎఫ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో వాడిన జాగా ఎంతో చూడండి. రెండు మూడు వందల జీబీ డ్రైవ్‌లో పది జీబీ వాడినట్టుంటే, పాత జాగాలో చాలా భాగం ఇంకా ముట్టుకోకుండానే ఉంది. ఆ పది జీబీ సరిగ్గా నాన్నగారి ఫైళ్ల మీదే పడిందా అంటే ఎవరూ చెప్పలేరు. వర్డ్ ఫైళ్లు చిన్నవి, ఫొటోలు వీడియోలతో పోలిస్తే తక్కువ చోటు తీసుకుంటాయి, కాబట్టి తప్పించుకునే అవకాశం వాటికే కాస్త ఎక్కువ.

ఇక ఆ కలగాపులగం అక్షరాల సంగతి. నాకు అన్నింటికన్నా ఆశ కలిగించింది ఇదే. నాన్నగారు అను ఫాంట్లతో టైప్ చేశారని మీరే రాశారు. ఈ రోజుల్లో ఫోన్లలో మనం రాసే తెలుగు యూనికోడ్, ఏ పరికరంలో తెరిచినా తెలుగులాగే కనిపిస్తుంది. అను అలా కాదు. లోపల దాచుకునేది ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులే. ఆ ఫాంటు కంప్యూటర్‌లో ఉంటే అవి తెలుగు ఆకారంలో కనిపిస్తాయి. కొత్తగా వేసిన విండోస్‌లో అను లేదు. కాబట్టి ఏ దెబ్బా తగలని ఫైలు కూడా మీకు ఇలాగే కనిపిస్తుంది! డీటీపీ సెంటర్లలో పనిచేసేవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యేదే, మీ తమ్ముడికి తెలియకపోవడంలో వింతేమీ లేదు.

తేడా కనిపెట్టడం కష్టమేం కాదు. అలాంటి ఫైలు ఒకటి వర్డ్‌లో తెరిచి, ఆ గజిబిజి మధ్యలో క్లిక్ చేసి, పైన ఫాంటు పేరు ఉండే గడి చూడండి. ఫాంటు కంప్యూటర్‌లో లేకపోయినా దాని పేరు ఫైల్లో ఉంటుంది. అక్కడ అనుపమ లాంటి అను ఫాంటు పేరు ఏదైనా కనిపిస్తే, పేరాలు పేరాల్లా, పదాల మధ్య ఖాళీలు ఖాళీల్లా ఉంటే ఆ ఫైలు బతికే ఉంది. ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మీ ఊళ్లో శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ సెంటర్‌కు తీసుకెళ్లండి. నాన్నగారు వాడిన అను వెర్షనే అక్కడ ఉంటే ఇంకా మంచిది. నిజంగా పాడైన ఫైలు తీరు వేరు. వర్డ్ అసలు తెరవనంటుంది, లేకపోతే చదరపు గళ్లు వరసగా వస్తాయి, లేదా కొంత దూరం సరిగ్గా ఉండి హఠాత్తుగా ఇంకేదో మొదలవుతుంది.

డిస్కును మాత్రం బయటికి తీయించెయ్యండి. చాలా మోడళ్లలో కింద ఒక్క స్క్రూ విప్పితే క్యాడీ జారి వచ్చేస్తుంది. మీరు ఏమీ చేయకపోయినా విండోస్ ఊరుకోదు. వారానికోసారి డ్రైవ్‌లను సర్దే పని తనంతట తానే పెట్టుకుంటుంది, హార్డ్ డిస్కు అయితే ఫైళ్లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరుపుతుంది. ఇప్పుడు ఎఫ్‌లో మీ తమ్ముడు దాచిన ఫైళ్లున్నాయి కాబట్టి వాటిని జరిపే వంకతో పాతవాటి మీద పడేయొచ్చు. డిస్కు తీయించే ముందు ఆ దాచిన ఫైళ్లను మంచివి ఏరుకోవడానికి వేరే పెన్‌డ్రైవ్‌లోకో ఎక్స్‌టర్నల్ డిస్కులోకో కాపీ చేసుకోండి, ఎఫ్ నుంచి మాత్రం తీసేయకండి. డిస్కు లేకపోయినా ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీతో నడుస్తుంది. అందులో మీ మిగతా పనులు చేసుకోవచ్చు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెప్తాను. ఏది పట్టుకోవాలన్నది మీ దగ్గరున్న డబ్బు, టైము, ఓపికను బట్టి మీరే చూసుకోవాలి.

ఖర్చు లేనిది ముందు చెప్తాను. మళ్లీ ఒకసారి షాపుకెళ్లండి, ఈసారి నిలదీయడానికి కాదు. ఫార్మాట్ చేసే ముందు యూజర్స్ ఫోల్డర్‌ను తమ డిస్కులోకి కాపీ చేసి పెట్టుకునే అలవాటు కొంతమంది మెకానిక్‌లకు ఉంటుంది, రేపు కస్టమర్ గొడవపడితే పనికొస్తుందని. జాగా నిండగానే తీసేస్తారు. గొడవ మొదలయ్యాక, ఉన్నా ఉందని చెప్పడానికి జంకుతారు. ‘తప్పెవరిదన్నది పక్కన పెడదాం తమ్ముడూ, బ్యాకప్ ఏమైనా తీశావా? పాత డిస్కు క్యాడీలో పెట్టింది నువ్వేనా? పార్టిషన్లు అలాగే ఉంచి ఫార్మాట్ చేశావా, తీసేసి కొత్తవి చేశావా?’ అని నెమ్మదిగా అడగండి. (పార్టిషన్లంటే ఒకే డిస్కును సీ, డీ అని విడగొట్టిన భాగాలు.) మొదటిదానికి లేదన్నా, మిగతా జవాబులు తర్వాత ఎవరు రికవరీ చేసినా పనికొస్తాయి.

రెండో దారి మీ తమ్ముడే మళ్లీ చేయడం, ఈసారి పద్ధతిగా. పాత డిస్కంత, లేదా ఇంకా పెద్ద ఎక్స్‌టర్నల్ డిస్కు ఒకటి కొనాలి. పాత డిస్కును యూఎస్‌బీ కేబుల్‌తో వేరే కంప్యూటర్‌కు తగిలించి, ముందు దాని మొత్తం నకలు ఒక ఇమేజ్ ఫైలుగా తీయాలి. 1 టీబీకి మూడు నాలుగు గంటలు పడుతుంది, డిస్కు నీరసించి ఉంటే ఇంకా ఎక్కువ. వెతకడం ఆ ఇమేజ్‌లోనే. అప్పుడు ఎన్ని తప్పులు చేసినా అసలుకు ఢోకా ఉండదు. వెతకడానికి డీఎండీఈ లాంటి రికవరీ సాఫ్ట్‌వేర్ ముందు వాడమంటాను. క్విక్ ఫార్మాట్‌లో పాత ఫైళ్ల పట్టిక, అదే నేను చెప్పిన హాజరు పట్టీ, మొత్తం చెరిగిపోదు, మొదటి భాగం మీద మాత్రం కొత్తది రాస్తుంది. మిగిలినదాన్ని పట్టుకుని ఈ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్లను, ఫైళ్ల పేర్లను కూడా నిలబెట్టగలదు. ఉచిత వెర్షన్‌లోనే ఒక ఫోల్డర్ నుంచి ఒకసారికి 4,000 ఫైళ్ల దాకా తీసుకోవచ్చు, మీకది చాలు. అది కుదరకపోతే ఫొటోరెక్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్. పూర్తిగా ఉచితం, చాలా నమ్మకమైనది, కానీ ఫైలు మొదట్లో ఉండే గుర్తులను బట్టి ఏరుతుంది కాబట్టి పేర్లు రావు. అంకెల పేర్లతో వందల ఫైళ్లు కుప్పగా వస్తాయి, ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాలి. ఈ దారిలో డబ్బు తక్కువ, శ్రమ ఎక్కువ. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్లు మాత్రం వద్దు. పోయిన ఫైళ్ల కోసం వెళ్లి వైరస్‌తో తిరిగొచ్చేవాళ్లున్నారు.

డిస్కు పాతది, అది గుర్తుంచుకోండి. తిరుగుతున్నప్పుడు టక్ టక్ మని చప్పుడొచ్చినా, కాపీ మధ్యలో ఆగి ఆగి నడిచినా వెంటనే ఆపేయాలి. అప్పుడిక మూడో దారే మిగులుతుంది, రికవరీ ల్యాబ్. హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల ఉన్నాయి. అలాంటి చప్పుడు లేకపోతే మీది మెకానికల్ దెబ్బ కాదు కాబట్టి డిస్కు విప్పే ఖరీదైన పని అవసరం రాకపోవచ్చు. ఇచ్చేముందు రాయించుకోవాల్సినవి ఉన్నాయి: డేటా రాకపోతే ఎంత తీసుకుంటారు, డబ్బు కట్టకముందే దొరికిన ఫైళ్ల జాబితా చూపిస్తారా, పని అయ్యాక వాళ్ల దగ్గరి కాపీ తీసేస్తారా. వర్డ్ ఫైళ్లే ముఖ్యమని, అవి అను ఫాంట్లలో ఉన్నాయని కూడా ముందే చెప్పండి. లేకపోతే వాళ్లు కూడా తెరిచి చూసి ‘కరప్ట్’ అని పక్కన పడేస్తారు.

మీ షాపతనికే ఇవ్వొచ్చా అంటే, ఇవ్వొచ్చు, డిస్కు ఇమేజ్ తీసి దాని మీద పనిచేస్తానని అతను తనంతట తాను చెప్తే. ఇమేజ్ అంటే ఏమిటని అడిగితే ఇవ్వకండి. ల్యాప్‌టాప్ మొత్తం వదిలెళ్లాల్సిన పని కూడా లేదు, డిస్కు ఒక్కటే చాలు. డీ డ్రైవ్‌లో ఇంటి ఫొటోలు, బ్యాంకు కాగితాలు ఉంటే వాటికి కాపీ తీసుకోవడం మరవకండి, ఆ డ్రైవూ అదే పాత డిస్కులో ఉంది మరి.

ఇంకో దారి, డిస్కును ఒక కవర్లో చుట్టి బీరువాలో పెట్టి సంవత్సరీకం అయ్యాక చూసుకోవడం. ఆన్ చేయకుండా ఉన్నన్నాళ్లూ అందులో కొత్తగా చెరిగేదేమీ ఉండదు. తొందరలో చేసే పని కన్నా ఇది నయం. అయితే పుస్తకం ఆ రోజుకి కావాలంటే వేరేచోట్ల నుంచి సామగ్రి రావాలి.

అక్కడే మీ అమ్మగారి మాట వస్తుంది. ఆవిడకు చెప్పకపోవడం వల్ల మనసుకు బరువన్నది ఒకటి, పనికి నష్టమన్నది ఇంకొకటి. నాన్నగారు ముందు కాగితం మీద రాసుకుని తర్వాత టైప్ చేసేవారా, ప్రింట్లు ఎక్కడ తీయించేవారు, ఎవరికి చదవమని పంపేవారు, పెన్‌డ్రైవ్ ఎక్కడ పెట్టుకునేవారు, ఇవన్నీ ఇంట్లో ఎక్కువగా తెలిసింది ఆవిడకే. ఆ మనిషినే మీరు అడగలేకపోతున్నారు. నాన్నగారి ఫోన్ ఎక్కడుంది? రీసెట్ చేసి ఎవరికీ ఇవ్వలేదు కదా? వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపిన ఫైళ్లు, ఫోన్లో వాట్సాప్ ఫోల్డర్ లోపల డాక్యుమెంట్స్, అందులో సెంట్ అనే చోట ఉంటాయి. అందుకున్న మిత్రుల ఫోన్లలోనూ ఉండొచ్చు. ఆయన పాత విద్యార్థుల గ్రూపులో ఒక్క మెసేజ్ పెడితే ఎవరి దగ్గరేముందో బయటపడుతుంది. ఫొటోలు గూగుల్ ఫొటోస్‌లో ఉన్నాయేమో చూడండి, ఆయన జీమెయిల్‌లో పంపిన మెయిళ్లూ చూడండి. ఆయన సిమ్ ఇంకా పనిచేస్తుంటే రీచార్జ్ చేసి ఉంచండి. మూడు నెలలు వాడకపోతే కంపెనీ ఆ నంబరు ఆపేయొచ్చు, తర్వాత ఓటీపీ రాక జీమెయిల్ తెరుచుకోదు. రెండేళ్లు ఎవరూ వాడని ఖాతాను గూగుల్ తీసేయొచ్చు కూడా.

అమ్మగారికి చెప్పడమెలా అని అడిగారు. ‘అంతా పోయిందమ్మా’ అని మొదలుపెట్టకండి, అది నిజం కాదు కూడా. ఆ ఫాంటు పరీక్ష ముందు చేసి, కనీసం ఒక్క వ్యాసం తెలుగులో ప్రింట్ తీయించుకుని, అది చేతిలో పెట్టి చెప్పండి: షాపులో ఫార్మాట్ అయింది, కొన్ని దొరికాయి, మిగతావాటి కోసం వెతుకుతున్నాం, నువ్వూ సాయం చెయ్యాలి. ఇద్దరూ కలిసి చెప్తే ఆవిడ అడిగే మొదటి ప్రశ్న ఫైళ్ల గురించే ఉంటుంది. మీరొక్కరే చెప్తే తమ్ముడి గురించి ఉంటుంది.

తమ్ముడి విషయంలో మీ ఉత్తరం కాస్త ఏకపక్షంగా అనిపించింది. డెస్క్‌టాప్ మీద కనిపించేవి సీ డ్రైవ్‌లో ఉంటాయని రోజూ కంప్యూటర్ మీద పనిచేసేవాళ్లలోనే చాలామందికి తెలియదు. తెర మీద ఎదురుగా ఉన్నదాన్ని ఎవరూ ‘సీ లోపల’ అనుకోరు. షాపతను అడిగాడు, తమ్ముడు తనకు తెలిసిన జవాబు చెప్పాడు. రాతలు డెస్క్‌టాప్ మీద ఉన్నాయని తెలిసిన మీరు కూడా ఇచ్చే ముందు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకోలేదు. ముగ్గురిలో ఈ సంగతి వృత్తిరీత్యా తెలిసి ఉండాల్సింది షాపతనికే. ‘డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ కూడా పోతాయి, చూసుకున్నారా?’ అని ఇంకొక్క ప్రశ్న అడగాల్సింది. కాబట్టి తప్పును తూకం వేస్తే అటువైపే కాస్త మొగ్గుతుందంటాను.

మరి ఫిర్యాదు? వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవాలోపమని జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. రెండేళ్లలోపు వెయ్యాలి. అంతకుముందు 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి సలహా అడగొచ్చు. కానీ ‘సీ ఫార్మాట్ చెయ్యి’ అని మీవాళ్లే చెప్పారు, అతను చేసింది అదే. బిల్లు వెనక ‘డేటాకు మా బాధ్యత లేదు’ అని అచ్చేసి ఉంటే ఆ ఒక్క ముక్కతో అతను పూర్తిగా తప్పించుకోలేడు గానీ, మీ కేసు బలమైనదని మాత్రం చెప్పలేను. గెలిచినా వచ్చేది డబ్బే. ఫిర్యాదు చేస్తానన్న క్షణం నుంచి అతని నుంచి సమాచారం రావడం ఆగిపోతుంది, బ్యాకప్ ఉన్నా సరే. నేనైతే ముందు సమాచారం తీసుకుని, బిల్లు జాగ్రత్త చేసుకుని, ఫిర్యాదు సంగతి తర్వాత ఆలోచిస్తాను.

మీ కథ చదివి ఆశపడే మిగతా పాఠకులకు ఒక హెచ్చరిక. ఇదంతా హార్డ్ డిస్కు కాబట్టి. ఫార్మాట్ అయింది ఎస్‌ఎస్‌డీ అయితే లెక్క తలకిందులే. విండోస్ 7 నుంచి, ఫార్మాట్ చేయగానే ‘ఈ జాగా అక్కర్లేదు’ అని విండోస్ ఎస్‌ఎస్‌డీకి చెప్పేస్తుంది. దాన్ని ట్రిమ్ అంటారు. డ్రైవ్ లోపల అవి తుడుచుకుపోతాయి, కాసేపట్లోనే సాఫ్ట్‌వేర్‌కు సున్నాలు తప్ప ఏమీ కనిపించవు. అప్పుడు సాఫ్ట్‌వేర్లకూ ల్యాబులకూ డబ్బు తగలేయకుండా వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్, ఫోన్లు వెతుక్కోవడమే దారి. ఫార్మాట్ చేయకుండా పాతదాని మీదే విండోస్ వేసి ఉంటే మాత్రం సీ డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్ ఉందేమో వెంటనే చూడండి. పాత డెస్క్‌టాప్ అంతా అందులో యూజర్స్ కింద ఉంటుంది. పది రోజులు దాటితే విండోస్ దాన్ని తనే తీసేయొచ్చు. విండోస్ మళ్లీ వేశాక డీ డ్రైవ్ 48 అంకెల కీ అడుగుతుంటే అది పాడవలేదు, డ్రైవ్‌కు విండోస్ వేసే బిట్‌లాకర్ అనే తాళం పడింది. ఆ కీ పాత మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరకొచ్చు. కంగారుపడి ఫార్మాట్ కొట్టకండి.

మళ్లీ మీ పుస్తకానికొస్తే, దొరికిన ఫైళ్లను అచ్చుకు అనులోనే ఇచ్చినా, ఒక కాపీ యూనికోడ్‌లోకి మార్పించండి. మార్చే సాఫ్ట్‌వేర్లు డీటీపీ వాళ్ల దగ్గర ఉంటాయి. మార్చాక ఒత్తుల దగ్గర, విరామ చిహ్నాల దగ్గర తప్పులు పడతాయి కాబట్టి ఎవరో ఒకరు కూర్చుని చదవాలి. ఈ పనికి టైము తీసి పెట్టుకోండి. అన్నీ దొరికేదాకా ఆగితే తేదీ దాటిపోవచ్చు, దొరికినంతతో వేస్తే తర్వాత దొరికినవాటికి ఇంకో చిన్న పుస్తకం వేసుకోవాల్సి రావచ్చు. ఏది నయమో ముగ్గురూ కూర్చుని అనుకోండి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెర ఫొటో, ఎఫ్‌లో వాడిన జాగా ఎంత, ఆ గజిబిజి ఫైల్లో కనిపించిన ఫాంటు పేరు ఏమిటి, ఈ మూడూ నాకు రాసి పంపితే పై దారుల్లో ఏది మీకు దగ్గరో ఇంకాస్త గట్టిగా చెప్పగలను.